ఊబి దాకా సాక్ష్యం

మార్చి 3, సోమవారం

నీ చేతికింద నలభై మంది ఆడవాళ్ళు పనిచేస్తున్నారే, వాళ్ళలో ఒక్కరైనా ఈ మిల్లు నాది అనుకుంటున్నారా? జవాబు చెప్పు జయరాజూ. తల వంచుకోవద్దు. ఆదివారం ఆరాధనలో మైకు పట్టుకుని కళ్యాణదుర్గం అంతా వినబడేలా అందర్నీ నిలదీస్తావు. ఈరోజు నీ వంతు.

ప్రశ్న నాది కాదు, లక్ష్మీప్రసన్న మేడంది. సావుకారు బదరీనారాయణ గారి కోడలు. బెంగళూరులో ఎంబీఏ చదివి వచ్చి ఈమధ్యే మిల్లు చూసుకుంటున్నారు. నన్ను ఆఫీసులోకి పిలిచి, కుర్చీ వేయించి మరీ చెప్పారు. మనసు పెట్టి పనిచేసే మనిషి చెప్పకుండా మానేయడట. సరుకు పాడుచేయడట. పక్కవాడు వెనకబడితే చేయి అందిస్తాడట. దానివల్ల కొనేవాడికి తృప్తి, మిల్లుకు లాభం. దీన్ని ఎంప్లాయీ ఎంగేజ్‌మెంట్ అంటారట.

నాకిందులో కొత్తేముంది? నెహెమ్యా యెరూషలేము గోడ కట్టించినప్పుడు ఒక్కొక్కడికీ వాడి ఇంటికి ఎదురుగా ఉన్న ముక్కనే అప్పజెప్పాడు. తన గుమ్మం ముందరి గోడ గనుక ఎవడూ బద్ధకించలేదు. మన గ్రంథంలో ఎప్పటినుంచో ఉన్న సంగతికి వీళ్ళు బెంగళూరులో ఫీజు కట్టి వచ్చారు. ఈ మాట మేడంతో అన్నాను. ఆమె చాలా సంతోషించి, అయితే ఈ బాధ్యత మీదే అన్నారు. శెనక్కాయ విత్తనాలు ఏరే సెక్షన్‌కు ఇన్నాళ్ళూ సూపర్‌వైజర్ని. ఇకమీదట వాళ్ళ మనసులకు కూడా.

పాత బాధ్యత ఎలాగూ ఉంది, ఆడవాళ్ళ లెట్రిన్ తాళంచెవి. బోరు ఎండిపోయినప్పటి నుంచి మిల్లుకు ట్యాంకరు నీళ్ళే గతి. ఊరికే నీళ్ళు పోస్తున్నారని సావుకారు తాళం వేయించారు. పదిన్నరకు ఒకసారి, మూడింటికి టీ అప్పుడు ఒకసారి తీస్తాను. నడుమ అవసరమైతే నన్ను అడగాలి. నమ్మకస్తుడి చేతికే తాళాలు ఇస్తారు. నేను అడిగి తీసుకోలేదు.

మార్చి 4

నా భార్య కృపకు ఒళ్ళు వెచ్చబడింది. తలమీద చేయిపెట్టి ప్రార్థించాను. పనికి వచ్చింది. స్తోత్రం.

మార్చి 10, సోమవారం

మొదటి ప్రసంగం. పని మొదలయ్యే ముందు పది నిమిషాలు ఇచ్చారు, నేను ఇరవై తీసుకున్నాను. మేడం అందరికీ బ్యాడ్జీలు పంచారు. పచ్చరంగు మీద తెల్ల అక్షరాలు: మన మిల్లు, మన ఇల్లు.

గోడ సంగతి చెప్పాను. ఎవరి బల్ల వాళ్ళ గుమ్మం అనుకోండి, మీ పిల్లలు తినే పప్పులో రాయి వదిలేస్తారా అని అడిగాను. గొంతు బాగా పలికింది. వెనక బల్లల్లో ఒకామె కళ్ళు తుడుచుకుంది. దుమ్ము కూడా కావచ్చు.

అంతలో తిరుపాలమ్మ లేచింది. ఆ నోరు మిల్లులో ఎవరికీ లేదు. చౌడేశ్వరమ్మకు కోడి కోసే మనిషి, నా ప్రసంగాలు మాత్రం ఒక్కటీ వదలదు. తప్పులు పట్టడానికి.

"జయరాజన్నా, ఇది మన ఇల్లంటాండావు. మా ఇంట్లో ఒంటికి పోవాలంటే ఎవుర్నీ తాళం అడగము మరి."

అందరూ నవ్వారు. నేనూ నవ్వి, అరణ్యంలో సణిగిన జనం సంగతి ఎత్తుకున్నాను. ఎర్ర సముద్రం దాటించినవాణ్ణి పట్టుకుని నీళ్ళు లేవని గొణిగారు. గొణుగుడు ఆత్మకు పట్టిన చీడ అన్నాను. నవ్వు ఆగిపోయింది. వాక్యానికి ఆ శక్తి ఉంది.

రేకుల షెడ్డు, ఎండ మండిపోతోంది. అయినా సాయంత్రం చూస్తే తాగే నీళ్ళ కుండ నిండుగా ఉంది. దాదాపు ఎవరూ ముట్టలేదు. ఆశానిగ్రహం అంటే ఇదీ. రేపు ఈ సంగతి మెచ్చుకోవాలి.

మార్చి 12, బుధవారం

రాయాలా వద్దా అనుకున్నాను. రాస్తున్నాను.

కృప మూడో బల్ల దగ్గర ఏరుతుంది. పన్నెండు గంటలప్పుడు లేచి నా దగ్గరికి వచ్చింది. మిగతావాళ్ళు "అన్నా, తాళం" అని అడుగుతారు. కట్టుకున్న మొగుణ్ణి ఆమె అన్నా అనలేదు, అంతమందిలో ఇంకోలా పిలవలేదు. అందుకని ఊరికే చేయి చాపి నిలబడింది.

అరగంట కిందటే తిరుపాలమ్మ అడిగితే, ఇప్పుడే కదా తీసింది, టీ దాకా ఆగమన్నాను. ఇప్పుడు పెళ్ళానికి ఇస్తే నా మాటకు విలువేమిటి? దేవునికి పక్షపాతం లేదని చెప్పే నోటితో నేనెలా ఇవ్వను? లేదన్నట్టు తల ఊపాను. ఆమె చాపిన చేయి అట్లాగే పైటకు తుడుచుకుని వెళ్ళి కూర్చుంది.

నాకు పక్షపాతం లేదని అందరూ చూశారు. తిరుపాలమ్మ కూడా చూసింది.

మార్చి 13

కృప మాట్లాడలేదు. మౌనం మంచి గుణం.

మార్చి 15, శనివారం

కృపకు మళ్ళీ జ్వరం. మళ్ళీ ప్రార్థన.

మిల్లులో పరిస్థితి బాగాలేదు. ఏరిన బస్తాలు విప్పి చూస్తే నల్లవి, ముడుచుకుపోయినవి, రాళ్ళు. తిరిగి ఏరించాల్సి వచ్చింది. మధ్యాహ్నం దాటాక అందరి చేతులూ నెమ్మదిస్తాయి. మోకాళ్ళు దగ్గరికి ముడుచుకుని, పెదవి కొరుక్కుంటూ ఏరుతారు. ఒకరితో ఒకరు మాట్లాడరు. శ్రద్ధ పెరిగిందనుకున్నాను. శ్రద్ధ పెరిగితే రాళ్ళెందుకు మిగులుతున్నాయి?

ఇద్దరు పని మానేశారు. టమాటా తోటల్లో కూలికి పోతున్నారట. ఎండలో నడుము వంచి చేసే పని, కూలీ తక్కువ. నీడలో కూర్చునే పని వదిలి ఎందుకు పోయారని తిరుపాలమ్మను అడిగితే, "ఆడ కంపచెట్లు ఉండాయన్నా" అంది. ఇదేం కారణమో నాకు అంతుపట్టలేదు.

మేడం దిగులుగా ఉన్నారు. నెలలో మంచి పనిమంతురాలి ఫోటో గోడకు పెడదామంటున్నారు. ఫోటోలతో సాతాను పోడు. రేపటి నుంచి మూడు రోజులు ఉపవాసం ఉంటాను.

మార్చి 19, బుధవారం

ఉపవాసం ముగిసింది. రేపు, ఎల్లుండి గుత్తిలో సువార్త కూటాలు. నన్ను పిలిచారు. సావుకారు సెలవు ఇచ్చారు. బస్సు తెల్లవారుజామున.

మార్చి 22, శనివారం

దేవుడు కార్యం చేశాడు.

గుత్తిలో రెండు రోజులూ పందిరి కిటకిటలాడింది. గొంతు పోయింది. అది అలా ఉంచుదాం. ఈరోజు మిల్లుకు పోగానే మేడం ఎదురొచ్చారు. గురువారం, శుక్రవారం ఏరిన సరుకులో పట్టి పట్టి చూసినా రాయి లేదట. ఎప్పుడూ చీకటి పడేదాకా సాగే పని ఐదింటికే అయిపోయిందట. ఆడవాళ్ళు పాటలు పాడుకుంటూ, ఒకరి బల్ల తెమలకపోతే ఇంకొకరు వచ్చి కూర్చుని ఏరిపెట్టారట. మానేసిన ఇద్దరిలో ఒకామె తిరిగి వచ్చి కూర్చుందట. మీ ప్రసంగాలు పనిచేశాయన్నా అన్నారు మేడం. నావి కావమ్మా, ఉపవాస ప్రార్థన అన్నాను. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

బుధవారం గుత్తి ప్రయాణం హడావుడిలో తాళంచెవి లెట్రిన్ తలుపుకే వదిలేసి పోయానట. ఈరోజు అక్కడే దొరికింది. ఎవరూ ఎత్తుకుపోలేదు, దేవుడు కాపాడాడు. నడుముకు కట్టుకున్నాను. ట్యాంకరు రెండు రోజులుగా మధ్యాహ్నానికే ఖాళీ అయిందని సావుకారు గొణుగుతున్నారు. తొట్టి ఎక్కడో కారుతున్నట్టుంది, చూడాలి.

మార్చి 25, మంగళవారం

మళ్ళీ రాళ్ళు. మళ్ళీ మౌనం. తిరిగొచ్చినామె మళ్ళీ రాలేదు. కూటం అవగానే సాతాను రెట్టింపుగా దాడిచేస్తాడని నేనే ఎన్నోసార్లు చెప్పాను. తొట్టి ఎక్కడా కారడం లేదు.

గొణుగుడు మీద ఇంకో ప్రసంగం చేద్దామని ఆ భాగం తీసి చదివాను. జనం నీళ్ళ కోసం మోషే మీదికి పోట్లాటకు వచ్చారు. అక్కడ దేవుడు వాళ్ళ మీదికి అగ్ని పంపుతాడని ఇన్నాళ్ళూ నా మనసులో ఉంది. పంపలేదు. బండ కొట్టు, నీళ్ళు ఇవ్వు అన్నాడు. అంతే. ఇంకో చోట అగ్ని పడింది గానీ, ఈ చోట కాదు. ఈ భాగం మీద పన్నెండేళ్ళుగా చెబుతున్నాను.

ప్రసంగం మార్చుకున్నాను. సోమరితనం మీద చెప్పాను.

మార్చి 28, శుక్రవారం

పెద్ద కబురు. మన శెనక్కాయ పప్పు కొనే బెంగళూరు కంపెనీ నుంచి నందిని అనే ఆఫీసరమ్మ బుధవారం వస్తున్నారు. పనివాళ్ళు సంతోషంగా ఉన్నారో లేదో చూసి గానీ వచ్చే ఏడాది ఆర్డరు ఇవ్వరట. పనివాళ్ళే లేచి మాట్లాడాలట. ఏం మాట్లాడతారో అని సావుకారు, మేడం ఇద్దరూ బెంగపెట్టుకున్నారు. నేను చెప్పాను: ఆదివారం సంఘంలో చెప్పినట్టు సాక్ష్యాలు చెప్పిద్దాం.

సాయంత్రం నేర్పాను. సాక్ష్యానికి మూడు మెట్లు. మొదట నేనున్న ఊబి. రెండోది నేను పెట్టిన మొర. మూడోది నన్ను బయటికి తీసిన చేయి. ఊబి ఎంత లోతుగా చెబితే బయటికి తీసిన చేయి అంత పెద్దదిగా కనబడుతుంది. అందుకని సిగ్గుపడకుండా చెప్పాలి. ఇంకొక్కటి గట్టిగా చెప్పాను: జరగని మేలు జరిగిందని చెప్పడం కన్నా పెద్ద పాపం లేదు. ప్రభువు ఇంకా చేయకపోతే, కనిపెట్టుకుని ఉన్నాను, అంటే ఎదురుచూస్తున్నాను, అని చెప్పి కూర్చోవాలి.

"మాకూ వర్తిస్తాదా అన్నా ఇది?" అని అడిగింది తిరుపాలమ్మ.

సత్యం అందరికీ ఒక్కటే అన్నాను. బాగా చెప్పాననిపించింది.

ఆదివారం సాక్ష్యాల్లో కృపకు మంచి పేరు. నువ్వూ చెప్పాలన్నాను. వద్దంది. పడుకోబోయే ముందు సరేనంది.

ఏప్రిల్ 1

కృపకు జ్వరం. ఒంటికి పోతే మంట అని ఇప్పుడు చెప్పింది. నాతో ముందే ఎందుకు చెప్పలేదు?

ఏప్రిల్ 2, బుధవారం

వచ్చింది వచ్చినట్టు రాసేస్తాను.

నందిని గారు పదకొండున్నరకు వచ్చారు. చిన్న వయసు, మాట మెత్తన. సావుకారు కొబ్బరినీళ్ళు, మజ్జిగ, మళ్ళీ కొబ్బరినీళ్ళు ఇప్పించారు. ముందు ఇద్దరు లేచి బడిపిల్లల్లా అప్పజెప్పారు. మిల్లు మా ఇల్లు, మేడం మా అమ్మ. నందిని గారు తల ఊపారు గానీ మనసు పెట్టినట్టు లేదు. అప్పుడు కృప లేచింది.

ఆమె మాటలు ఆమె అన్నట్టే రాస్తున్నాను.

"నా పేరు కృపాకుమారి. మూడో బల్లకాడ ఏరతాను. నేనుండే ఊబి చెప్తాను. పొద్దున ఇంట్లో నీళ్ళు తాగేది మానుకున్నా. ఈడికొచ్చి గొంతు తడుపుకుని ఉమ్మేస్తా, మింగను. కూడు తింటే దప్పికవుతాదని సగమే తింటా. రెండు నెల్ల నుంచి జరం వస్తాంది, పోతాంది. ఒంటికి పోవాలంటే తాళం అడగాల. అందురూ అన్నా అని అడుగుతారు. నేను ఏమని పిలిచి అడగాల్నో తెలీక చెయ్యి చాపుతా."

మూడో మెట్టుకు రమ్మని నేను వెనక నుంచి సైగ చేశాను. నన్ను చూసింది.

"బయటికి తీసిన సంగతి కూడా చెప్పాల. అది ఇంకా కాలేదు. కానిది చెప్తే పాపమని మాకు నేర్పినారు. కనిపెట్టుకోని ఉండా."

కూర్చుంది. ఆమేన్ అని ఎవరో గట్టిగా అన్నారు. తిరుపాలమ్మ. ఆ వెంటనే అందరూ అన్నారు. నా సంఘంలో కూడా అంత ఒక్క గొంతుతో ఎప్పుడూ అనలేదు.

నందిని గారు కొబ్బరినీళ్ళ గ్లాసు పక్కన పెట్టారు. తర్వాత లేచి, "కొబ్బరినీళ్ళు ఎక్కువయ్యాయి, నేనొకసారి వెళ్ళొస్తాను. ఎటు?" అని నన్నే అడిగారు.

నా నోరు నా మాట వినలేదు. రోజూ అనే మాటే అనేసింది. "మూడింటికి టీ అప్పుడు తీస్తామండీ."

ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. నడుముకున్న తాళంచెవి ముడి విప్పబోతే రాలేదు. అందరి ముందూ ఆ ముడితో ఎంతసేపు పెనుగులాడానో. నందిని గారు చేయి చాపి నిలబడ్డారు. చివరికి మేడం కత్తెర తెచ్చి దారం కోశారు.

పోయేముందు ఆమె సావుకారుతో అన్నది ఒక్కటే. శుక్రవారం మధ్యాహ్నం కృపాకుమారికే ఫోన్ చేస్తారట. తాళం ఉందా, తీశారా అని అడుగుతారట. ఆర్డరు సంగతి ఆ తర్వాత.

ఏప్రిల్ 3, గురువారం

సావుకారు కేకలు వేస్తారనుకున్నాను. టీ తెప్పించారు.

"జయరాజూ, నీ భార్యకు జరం గదా. జరంలో ఏదో మాట్లాడినానని, తాళం తీసేసినారని రేపు ఫోన్లో చెప్పమను. ఆర్డరు రానీ. వానలు పడినాక నిజంగానే తీసేద్దాం. నిన్ను షెడ్డు మొత్తానికి మేనేజరును చేస్తా. చెప్పకపోతే ఆమె ఈడికి రావాల్సిన పన్లేదు."

ఈ సీమలో వానలు పడినాక అనే మాటకు అర్థం ఇద్దరికీ తెలుసు.

మేడం గోడ దగ్గర నిలబడి ఉన్నారు. ఒక్కసారిగా కల్పించుకున్నారు. "మామయ్యా, జయరాజన్న గుత్తికి పోయిన రెండు రోజులూ తాళం తీసే ఉందంట. తిరుపాలమ్మ చెప్పింది. మంచి సరుకు ఆ రెండు రోజులే వచ్చింది. ఇంకో ట్యాంకరుకు అయ్యేది, మనం తిరిగి ఏరించేదానికన్నా తక్కువే." తర్వాత నావైపు తిరిగి మెల్లగా అన్నారు: "నేను చదివినదాంట్లో మొదటి పాఠం ఇదేనన్నా. వాళ్ళకేం కావాలో అడగమని. నేను బ్యాడ్జీలతో మొదలుపెట్టాను."

లెక్కలు నాకు చెప్పొద్దమ్మా అని సావుకారు చేయి ఊపారు. తాళంచెవి నా చేతిలోనే పెట్టి పంపించారు.

ఆ మంచి సరుకు ఉపవాసం వల్ల కూడా కొంత, అని రాయబోయి ఆగాను.

సాయంత్రం కృపను ఆస్పత్రికి తీసుకుపోయాను. కిడ్నీ దాకా పాకిందట. ఇంకొన్నాళ్ళు ఇలాగే బిగబట్టుకుంటే చెడిపోతుందన్నారు. మందులు రాసిచ్చి, నీళ్ళు బాగా తాగాలమ్మా అన్నారు. కృప నవ్వింది. డాక్టరమ్మకు అర్థం కాలేదు.

ఇంటికొచ్చాక సావుకారు మాట చెప్పాను. నా మాట కాదు, ఆయన మాట అన్నాను. ఆమె మంచం పట్టీ మీద కూర్చుని విన్నది.

"నువ్వు నేర్పినట్లే చెప్పినా గదా. ఊబి దాకా చెప్పినా. బయటికి తీసిన చెయ్యి యాడ నుంచి తెచ్చేది?"

నేను అంత పచ్చిగా చెప్పాలా అన్నాను. ఇంటి సంగతి బయట పెట్టావన్నాను.

"ఇల్లే అంటివి గదప్పా మిల్లును."

మళ్ళీ తనే అంది. గొంతులో కోపం కూడా లేదు. "రేపు నేను పనికి పోతా. ఫోనొస్తే నిజమే చెప్తా. ఆ పొద్దుకు ఏది నిజమైతాదో నీ చేతిలో ఉండాది."

ఏప్రిల్ 4, శుక్రవారం, పొద్దున్నే

మూడు రోజులు ఉపవాసముండి దేవుని చిత్తం కనిపెట్టాలని అనుకున్నాను. మోకరించాను. ఏ మాటా రాలేదు. మళ్ళీ మోకరించాను. కృప లోపల స్టవ్వు వెలిగించింది. గ్లాసులో నీళ్ళు పోసుకుని, చూసి, మళ్ళీ బిందెలో వంపేసింది.

అది చూశాక కూడా నీకు దర్శనం కావాలా?

మూడు రోజులు నీకున్నాయి. ఆమెకు లేవు. దేవుని చిత్తం అని నువ్వు పేరు పెట్టింది సావుకారి భయానికి. మేనేజరు కుర్చీకి. సావుకారి మీద వేయకు, ట్యాంకరు మీద వేయకు, సాతాను మీద అసలే వేయకు. తాళం వేస్తున్న చేయి నీదే. ఉద్యోగం పోతుంది, పోనీ. ఇద్దరివీ పోతాయి, పోనీ. టమాటా తోటలున్నాయి. అక్కడ కంపచెట్లున్నాయి.

లెయ్ జయరాజూ. ప్రార్థన సైకిలు మీద చేసుకో. ఆడవాళ్ళను తెచ్చే మొదటి ఆటో రాకముందే నువ్వక్కడ ఉండాలి. స్క్రూడ్రైవరు తీసుకో. తాళం తీసి జేబులో వేసుకుంటే చాలదు, మధ్యాహ్నానికి నీ చేయే మళ్ళీ వేస్తుంది. తలుపు బయటి గొళ్ళెం మరలతో సహా ఊడదీయి. లోపలి గడియ ఆడవాళ్ళకు వదిలెయ్. మేడంను లేపి ఇంకో ట్యాంకరు చెప్పించు. కుండ కడిగి నింపు. ఒక్కొక్కరూ గ్లాసెడు తాగి పెట్టేదాకా ప్రసంగానికి నోరు తెరవకు. ముందు కృపకు ఇవ్వు. అందరి ముందూ పేరు పెట్టి పిలిచి ఇవ్వు.

ఆదివారం తర్వాత కాదు. వానలు పడినాక కాదు. ఫోను మోగేది ఈరోజు. పెన్ను పెట్టెయ్, లెయ్, పో.